అడవిపూల పేర్లు చదవడం – 4వ పాఠం: కౌస్లిప్‌ని ఎక్కడ విడదీయాలి?

పోయినసారి అభ్యాసంలో ఇచ్చిన కౌస్లిప్ అనే పసుపు పచ్చిక పువ్వు పేరుకి అర్థం చాలామంది "ఆవు పెదవి" అని రాశారు. తప్పు నా పాఠంలోనే ఉంది. డైసీ అంటే "పగటి కన్ను", డాండిలియన్ అంటే ఫ్రెంచిలో "సింహం పన్ను" అని చూపించి, పేరుని విడదీస్తే అర్థం దొరుకుతుందని చెప్పాను. ఎక్కడ విడదీయాలో చెప్పలేదు. అందుకే ఈ వారం అనుకున్న పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

కౌస్లిప్‌లోని "స్" ఆవుకి తగిలించిన షష్ఠీ విభక్తి కాదు, రెండో మాటలో మొదటి అక్షరం. పాత ఇంగ్లీషులో ఈ పేరు కూస్లిప్పె. కూ అంటే ఆవు, స్లిప్పె అంటే జిగటగా జారేది, ఇక్కడ పేడ. ఆవులు మేసే పచ్చికలో పూస్తుంది కాబట్టి ఆ పేరు. అంత ముద్దొచ్చే పువ్వుకి పేడ పేరంటే మనసొప్పదు, పెదవి అనగానే హాయిగా ఉంటుంది. నాకు కోపం తెప్పించేది ఇదే: నచ్చిన అర్థం తగలగానే వెతకడం ఆపేయడం. అర్థం ఎంత అందంగా ఉంటే అంత అనుమానించండి. నేనైతే ముందు పాత రూపం చూస్తాను, తర్వాత దాని చుట్టం పేరు చూస్తాను. దీని చుట్టం ఆక్స్‌లిప్. పాత రూపం ఆక్సన్‌స్లిప్పె, ఎద్దు పేడ. అక్కడ "స్లిప్పె"లోని "స్" ముందున్న "ఆక్స్"లో కలిసిపోయి, పెదవే మిగిలినట్టు కనిపిస్తుంది.

ఇక పువ్వుని దగ్గరగా చూడండి. ఆకులన్నీ నేలకి ఆనుకుని ఉంటాయి. మధ్యలోంచి కాడ లేస్తుంది. దాని కొసన పసుపు పూలు గుత్తిగా, ఒక పక్కకి వాలి ఉంటాయి. ఒక్కో పువ్వు గొంతులో ఐదు నారింజ చుక్కలు. ఆ వాలిన గుత్తి జర్మన్లకు తాళాల గుత్తిలా కనిపించింది. ష్లూసెల్‌బ్లూమె, అంటే తాళంచెవి పువ్వు. స్వర్గం తాళాలు పేతురు చేతిలో ఉంటాయన్న క్రైస్తవ నమ్మకం తోడై, "స్వర్గపు తాళంచెవి" అని కూడా అన్నారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు ఇదే, పువ్వుని చూసి పెట్టిన పేరు. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో రాసిన లాటిన్ పేరు ప్రిములా వెరిస్ మీకు తేలికే: వసంతపు చిన్ని తొలిపువ్వు.

అభ్యాసం: ఫ్రెంచివాళ్లు ఈ పువ్వునే కుకూ పక్షి పేరుతో పిలుస్తారు. ఇంగ్లీషులో ఆ పక్షి పేరున్న పచ్చిక పువ్వు వేరే, లేత ఊదా రంగు, నాలుగు రేకులు. రెండూ ఏ నెలల్లో పూస్తాయో, ఆ పక్షి కూత ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని, ఒకే పేరు రెండు పూలకి ఎలా వచ్చిందో పది వాక్యాల్లో రాయండి.