డబ్ల్యూజీటీ గోల్ఫ్‌లో స్కోరు తగ్గడం లేదా? లోపాన్ని గుర్తించి సరిచేసుకునే విధానం

వరల్డ్ గోల్ఫ్ టూర్ పేరుతో మొదలై డబ్ల్యూజీటీగా స్థిరపడిన ఈ ఆన్‌లైన్ ఆటలో, నిజమైన మైదానాల ఛాయాచిత్రాల మీదే బంతి కదులుతుంది. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్, న్యూయార్క్ రాష్ట్రంలోని బెత్‌పేజ్ బ్లాక్, దక్షిణ కరోలినాలోని కియావా దీవి ఓషన్ కోర్స్ వంటి వాటి మీద ఇంట్లో కూర్చునే ఆడవచ్చు. గోల్ఫ్‌లో స్కోరు అంటే పట్టిన దెబ్బల లెక్క, కాబట్టి అది ఎంత తగ్గితే అంత మేలు. కొత్తలో అలవాటు పెరిగే కొద్దీ స్కోరు దానంతట అదే తగ్గుతూ వస్తుంది. ఆ తరువాత ఒక అంకె దగ్గర ఆగిపోయి, ఎన్ని రౌండ్లు ఆడినా అక్కడే ఉండిపోతుంది. ఆటగాళ్లు ఆసక్తి కోల్పోయేది ఎక్కువగా ఈ దశలోనే.

ఇక్కడ చాలామంది చేసే పని క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) మార్చడం, బంతి మార్చడం, కొన్నాళ్లు మానేసి మళ్లీ రావడం. కారణం తెలియకుండా మందు మార్చినట్లే ఇది. పోయిన ప్రతి దెబ్బా స్కోరు కార్డు మీద ఒకేలా కనిపిస్తుంది గానీ, దాని వెనుక ఉండే తప్పు మూడు రకాలు. తెర మీద గీత కదిలే మీటర్ మీద సరైన చోట నొక్కలేకపోవడం మొదటిది. దూరం, గాలి, ఎత్తుపల్లాల లెక్క తప్పడం రెండవది. లెక్కా నొక్కుడూ సరిగానే ఉన్నా, ఆ చోట ఆడకూడని దెబ్బ ఆడడం మూడవది. కాబట్టి ఏదైనా మార్చే ముందు కొన్ని రౌండ్ల పాటు, పార్ (ఒక్కో హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య) కంటే ఎక్కువ పడిన ప్రతి హోల్ దగ్గరా, చేతికందిన బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) జారిపోయిన ప్రతి చోటా, ‘మీటర్’, ‘లెక్క’, ‘ఎంపిక’ అనే మూడు మాటల్లో ఒకటి కాగితం మీద రాసుకోవాలి. ఏ మాట ఎక్కువసార్లు వస్తే పరిష్కారాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కింద చెప్పిన సమస్యలన్నీ అందరికీ ఉండవు. మీ కాగితం చూపించిన దాని దగ్గరకే నేరుగా వెళ్లండి.

మీటర్ మీద గుర్తు తప్పుతోంది

దెబ్బకు కావలసిన బలాన్ని నిర్ణయించుకున్న తరువాత, తిరిగి వచ్చే గీత గుర్తును చేరిన క్షణంలో నొక్కాలి. ముందుగా నొక్కితే బంతి ఒక పక్కకు, ఆలస్యమైతే రెండో పక్కకు పోతుంది. ఇక్కడ ముందుగా చూడవలసింది ఎంత తప్పుతున్నారన్నది కాదు, ఎటు తప్పుతున్నారన్నది. బంతి ప్రతిసారీ ఒకే పక్కకు, దాదాపు ఒకే మేరకు పోతుంటే చేతిని అనుమానించే ముందు పరికరాన్ని అనుమానించాలి. కంప్యూటర్‌ను టీవీకి కలిపి ఆడేవారికి తెర మీది బొమ్మ కొంత ఆలస్యంగా కనిపిస్తుంది. చాలా టీవీలలో ఉండే గేమ్ మోడ్‌ను ఆన్ చేస్తే ఆ ఆలస్యం బాగా తగ్గుతుంది. వైర్‌లెస్ మౌస్‌లో బ్యాటరీ తగ్గినా, ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా ఇలాంటి తేడాయే వస్తుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం వెనకబడి వినిపిస్తుంది కనుక, శబ్దాన్ని బట్టి లయ పట్టుకునే అలవాటున్నవారు వాటిని తీసి ఆడి చూడాలి.

ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఏ వరుసా లేకుండా తప్పుతుంటే గీత కదలికను చూడాలి. అది నున్నగా జారకుండా మధ్య మధ్య ఎగిరిపడినట్లు కనిపిస్తే, వెనక తెరిచి ఉన్న ఇతర అప్లికేషన్లను మూసివేయాలి, చిత్ర నాణ్యతను ఒక మెట్టు తగ్గించాలి. గీత నున్నగానే కదులుతున్నా తప్పుతున్నారంటే లోపం చూపులో ఉంది. కదిలే గీతను వెంటాడే కన్ను ఎప్పుడూ కొంత వెనకబడుతుంది కాబట్టి, చూపును గుర్తు మీదే నిలిపి, గీత అక్కడికి రావడాన్ని గమనించాలి. మీటర్‌ను నెమ్మదిగా నడిపే బంతులు ఆటలో అమ్మకానికి ఉన్నాయి, నిజంగానే ఉపయోగపడతాయి. అయితే వేగం మారిన ప్రతిసారీ చేతికి కొత్త లయ అలవాటు కావాలి. అందువల్ల ఏ బంతిని ఎంచుకున్నా కొంతకాలం దానితోనే ఆడడం మంచిది, రౌండుకొక బంతి మార్చేవారికి మీటర్ ఎన్నటికీ లొంగదు.

గ్రీన్ మీదికి కొట్టిన బంతి చేరడం లేదు, లేదా దాటిపోతోంది

గ్రీన్ అంటే రంధ్రం చుట్టూ గడ్డిని పొట్టిగా కత్తిరించిన చోటు. మీటర్ గుర్తు మీదే పడినా ఇలా జరుగుతుంటే తప్పు లెక్కలో ఉంది. తెర మీద కనిపించే గజాలు రంధ్రంలో నిలిపిన జెండా వరకు ఉన్న దూరం మాత్రమే, ఆడవలసిన దూరం వేరు. ఒక ఉదాహరణ తీసుకుందాం. జెండా 150 గజాల దూరంలో, 24 అడుగుల ఎత్తున ఉంది. మూడడుగుల ఎత్తుకు ఒక గజం చొప్పున 8 గజాలు కలిపితే 158 అవుతుంది. బంతి రఫ్‌లో (పొడవు గడ్డిలో) పడి ఉండి, ఆట 80 నుంచి 90 శాతం అని చూపిస్తోందనుకుందాం. అంటే కొట్టిన బలంలో సగటున 85 శాతమే బంతికి అందుతుంది. 158ని 0.85తో భాగిస్తే సుమారు 186 వస్తుంది. అంటే చూడడానికి 150 గజాల దెబ్బ, నిజానికి 186 గజాల దెబ్బ. ఇక్కడ 150 గజాలకు సరిపోయే ఐరన్ క్లబ్ తీసినవారి బంతి గ్రీన్ ముందున్న బంకర్‌లో (ఇసుక గుంటలో) పడితే అందులో వింతేమీ లేదు.

గాలికి గోల్ఫ్ ఆటగాళ్లు సాధారణంగా వాడే అంచనా ఒకటుంది. గంటకు 10 మైళ్ల ఎదురుగాలి ఉంటే దూరంలో పదో వంతు కలుపుతారు, వెనకగాలి అయితే అందులో సగమే తగ్గిస్తారు. ఎదురుగాలి చేసినంత నష్టాన్ని వెనకగాలి పూడ్చదన్న సంగతి చాలామంది మరచిపోతారు. ఈ అంచనాతో మొదలుపెట్టి, మీ క్లబ్బులకు, మీ బంతికి సరిపోయేలా సవరించుకుంటూ పోవాలి. అడ్డగాలిలో వెడ్జ్ అనే తక్కువ దూరపు క్లబ్‌తో ఎత్తుగా లేపిన బంతి ఎక్కువ కొట్టుకుపోతుంది, పంచ్ దెబ్బతో నేలకు దగ్గరగా పంపిన బంతి అంతగా కదలదు. కియావా దీవిలోని సముద్రపు గాలిలో గానీ, పెబుల్ బీచ్ ఏడో హోల్ దగ్గర గానీ ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ ఏడో హోల్ వంద గజాలు దాటీ దాటని చిన్న పార్ 3. టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి చూస్తే గ్రీన్ బాగా దిగువన, సముద్రపు ఒడ్డునే ఉంటుంది. దిగువకు కొంత తగ్గించి, గాలికి కొంత కలిపే ఆ ఒక్క దెబ్బనే ప్రాక్టీస్ రౌండ్‌లో మళ్లీ మళ్లీ ఆడితే, లెక్క కట్టే అలవాటు త్వరగా వస్తుంది.

పట్‌లు పోతున్నాయి

గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించే దెబ్బే పట్. నా అభిప్రాయంలో స్కోరు ఆగిపోయిన వారిలో ఎక్కువమందికి అసలు జబ్బు ఇదే. పార్ 72 మైదానంలో గ్రీన్‌కు రెండేసి పట్‌ల చొప్పున ఆడినా 36 దెబ్బలు అవుతాయి, అంటే పార్‌లో సరిగ్గా సగం. అయినా కొత్తవారు డబ్బు పెట్టేది డ్రైవర్ మీద, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ మీద.

మొదట బలం సంగతి చూద్దాం. రంధ్రం 18 అడుగుల దూరంలో, 4 అంగుళాల ఎత్తున ఉందనుకోండి. ఈ ఆట ఆడేవారిలో బాగా వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం అంగుళానికి ఒక అడుగు కలపాలి, పల్లానికి అయితే ఒక అడుగు తీసివేయాలి. కాబట్టి దీన్ని 22 అడుగుల పట్‌గా ఆడాలి. పుటర్ (పట్‌లకు వాడే క్లబ్) మీటర్ 25 అడుగుల కొలత మీద ఉంటే 22 అంటే 88 శాతం దగ్గర ఆపాలి, అదే 50 అడుగుల కొలత అయితే 44 శాతం దగ్గర. రెండో దానిలో గీత వెంట్రుకవాసి జరిగినా బంతి రెట్టింపు దూరం తేడా పడుతుంది. చిన్న కొలతలు ఉన్న పుటర్ కొనుక్కోవడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. ఈ ఆటలో డబ్బు పెట్టదలిస్తే మొదట దాని మీద పెట్టమనే చెబుతాను.

తరువాత గ్రీన్ వేగం. వేగం పెరిగే కొద్దీ అదే బలానికి బంతి ఎక్కువ దూరం దొర్లుతుంది. టోర్నమెంట్ స్థాయి గ్రీన్ల మీద పల్లానికి వేసే పట్‌లలో అంగుళానికి ఒక అడుగు తగ్గించడం కూడా చాలదు. దీనికి ఎవరో రాసిన పట్టిక కంటే సొంతంగా తయారుచేసుకున్న పట్టికే మేలు. ప్రాక్టీస్ రౌండ్‌లో ఎత్తుపల్లాలు లేని చోట, ప్రతి గ్రీన్ వేగం దగ్గరా, 10 అడుగుల బలంతో పట్ వేసి, బంతి నిజంగా ఎంత దూరం పోయిందో రాసుకోవాలి. ఒక సాయంత్రం శ్రద్ధగా కూర్చుంటే పట్టిక సిద్ధమవుతుంది, పుటర్ మార్చే వరకు అది పనికొస్తుంది.

ఇక వంపు. గ్రీన్ మీద పరచిన గళ్లలో కదిలే చుక్కలు వాలు ఎటు ఉందో, ఎంత ఉందో చెబుతాయి. చుక్కలు వేగంగా కదిలితే వాలు ఎక్కువ. వాటిని బంతి దగ్గర మాత్రమే చూసి గురి పెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. బంతి వేగంగా వెళ్లే మొదటి సగంలో వాలు దాన్ని పెద్దగా లాగలేదు, రంధ్రం దగ్గరకు వచ్చి నెమ్మదించిన తరువాతే వంపు తిరుగుతుంది. కాబట్టి చివరి మూడో వంతులో చుక్కలు ఎటు కదులుతున్నాయో చూసి దానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. తప్పిన పట్‌లన్నీ రంధ్రానికి దిగువ పక్క నుంచే పోతుంటే వంపును తక్కువగా అంచనా వేస్తున్నారని అర్థం. గురిని మరికొంత ఎగువకు జరపాలి, బలాన్ని మాత్రం ఆ రోజుకు ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి తొమ్మిది హోల్స్ బాగుండి, తరువాత స్కోరు చెడుతోంది

ఇది ఎక్కువగా ఎంపికలో జరిగే తప్పు. ఒక బోగీ (పార్ కంటే ఒక దెబ్బ ఎక్కువ) పడగానే తరువాతి హోల్‌లో దాన్ని రాబట్టాలన్న తొందరలో జెండాకే గురిపెట్టి కొడతాం. సెయింట్ ఆండ్రూస్‌లో 17వ హోల్ అయిన రోడ్ హోల్ ఇలాంటి తొందరను అస్సలు సహించదు. గ్రీన్ ముందు లోతైన బంకర్, వెనక రోడ్డు, ఆపైన రాతి గోడ ఉంటాయి. అక్కడ జెండా ఎడమ పక్కన, బంకర్ వెనక ఉన్న రోజున గ్రీన్ కుడివైపు ముందు భాగానికి కొట్టి, రెండు పట్‌లతో పార్ తీసుకోవడమే తెలివైన ఆట. బంకర్‌లో పడిన బంతి ఒక దెబ్బతో సరిపెట్టదు. ఏ హోల్ దగ్గరైనా కొట్టే ముందు ‘ఇది పది గజాలు తప్పితే బంతి ఎక్కడ పడుతుంది’ అని చూసుకోవాలి. సమాధానం నీళ్లో, బంకరో అయితే గురిని మార్చాలి. ఏకబిగిన 18 హోల్స్ ఆడినప్పుడే ఇలా జరుగుతుంటే అలసటే కారణం కావచ్చు, 9 హోల్స్ రౌండ్లు ఆడి పోల్చి చూడండి.

శ్రేణి పెరిగాక స్కోరు ఒక్కసారిగా పెరిగింది

ఇది లోపం కాదు. అమెచ్యూర్, ప్రో, టూర్ ప్రో, మాస్టర్, టూర్ మాస్టర్, లెజెండ్ అంటూ శ్రేణి పెరిగే కొద్దీ టీలు వెనక్కు జరుగుతాయి, గ్రీన్లు వేగవంతమవుతాయి. పెరిగిన శ్రేణి మళ్లీ తగ్గదు. కాబట్టి పాత సగటుతో కొత్త సగటును పోల్చుకుని కుంగిపోవలసిన అవసరం లేదు. కాగితం మీద కొత్త శ్రేణికి కొత్త పుట తెరవాలి. టీలు వెనక్కు జరగడం వల్ల ఇంతకుముందు వెడ్జ్‌తో ఆడిన రెండో దెబ్బను ఇప్పుడు పెద్ద ఐరన్‌తో ఆడవలసి వస్తుంది. మీ క్లబ్బుల దూరాల మధ్య పెద్ద ఖాళీ ఉంటే అది ఈ దశలోనే బయటపడుతుంది, ముందుగా ఆ ఖాళీని పూడ్చే క్లబ్ కొనుక్కోవాలి.

ఆట తెరవాలనిపించడం లేదు

మొత్తం స్కోరు ఒక్కటే కొలబద్ద అయినప్పుడు ఉత్సాహం నిలవడం కష్టం. అందులో గాలి, జెండా ఉన్న చోటు, మైదానం కఠినత్వం అన్నీ కలిసి ఉంటాయి కనుక, మీ ఆట నిజంగా మెరుగుపడినా వారాల తరబడి ఆ అంకెలో కనిపించకపోవచ్చు. కాబట్టి మీ చేతిలో ఉన్న దాన్ని కొలవండి. ఈ వారం పది అడుగుల లోపు పట్‌లు ఎన్ని పడ్డాయి, మూడు పట్‌లు పట్టిన గ్రీన్లు ఎన్ని, కాగితం మీద ‘ఎంపిక’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది అని చూసుకుంటే, స్కోరు కదలక ముందే మార్పు కనిపిస్తుంది.

ఒంటరిగా ఆడడం వల్ల విసుగు వస్తుంటే ఆడే పద్ధతి మార్చండి. జెండాకు ఎవరు దగ్గరగా కొడతారన్న పోటీ త్వరగా ముగుస్తుంది, గ్రీన్ మీదికి కొట్టే దెబ్బకు మంచి సాధన కూడా. పట్‌ల మీద విసుగు పుట్టిన రోజున అదే ఆడాలి. హోల్ హోల్‌కూ గెలుపోటములు తేలే మ్యాచ్ ప్లేలో ఒక చెడ్డ హోల్ రౌండంతటినీ పాడుచేయదు. డాలస్‌లో ఉన్న తమ్ముడితోనో, స్నేహితురాలితోనో హైదరాబాద్ నుంచి ఆడదలిస్తే, అక్కడికీ ఇక్కడికీ కాలాన్ని బట్టి పదిన్నర లేదా పదకొండున్నర గంటల తేడా ఉంటుంది. వారి శనివారం రాత్రి మనకు ఆదివారం ఉదయం, ఇద్దరికీ సెలవే. వారానికి ఒక్కసారైనా అలా వేళ నిర్ణయించుకుంటే ఆట మానేయాలన్న ఆలోచన అంత తేలికగా రాదు. సగటులోకి లెక్కపడే రౌండ్లను మాత్రం తలనొప్పిగా ఉన్న రోజున, నిద్ర ముంచుకొస్తున్న వేళ మొదలుపెట్టవద్దు, ఆ పూటకు ప్రాక్టీస్ రౌండ్‌లో నాలుగు పట్‌లు వేసి ముగించవచ్చు.