చేపల నీళ్లతో తనంతట తానే తడిసే మడి: నా అనుభవం

మల్కాజిగిరిలో మా డాబా మీద కొరమీను ట్యాంకు, దాని పక్కన టమాటా, పాలకూర మడులు ఉన్నాయి. ఏప్రిల్ ఎండకు మడి పైమట్టి పొడిపొడిగా అయ్యేది, అడుగున మాత్రం నీళ్లు నిలిచి కుళ్లు వాసన. ఆ నీళ్లే తిరిగి ట్యాంకులోకి పోతుంటే చేపల గురించి ఒకటే టెన్షన్.

ముందు ఆ తిరుగు పైపు తీసేశాను. గాలాడని అడుగున పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ చేపలకు విషం. ఇప్పుడు ట్యాంకు నీళ్లు మడికి వెళ్తాయి, వెనక్కి రావు. ట్యాంకులో తగ్గినంత మంచినీళ్లు పోస్తాను.

తర్వాత మడి లోపల మార్చాను. టార్పాలిన్ పరిచి, నీళ్లు నిలవడానికి 15 సెంటీమీటర్ల కంకర, పైన మందపాటి గుడ్డ, ఆపైన 30 సెంటీమీటర్ల మట్టి. మట్టి నీళ్లను సరిగ్గా పైకి లాగేది దాదాపు ఆ ఎత్తు వరకే. కంకర అసలు లాగదు. అందుకే కంకర మధ్యలో అక్కడక్కడా చిల్లుల బుట్టలు పెట్టి, మట్టి నింపాను. దీపం వత్తి నూనె పీల్చినట్టు అవి నీళ్లు పీల్చి పైకి అందిస్తాయి. ఒట్టి ఎర్రమట్టి గట్టిపడుతుంది కాబట్టి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపాను.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, ఎక్కువైన నీళ్లు బయటకు పోయే పొంగు పైపు. కంకర, మట్టి కలిసే ఎత్తులో బిగించాను. అది లేకపోతే వానాకాలంలో వేర్లు కుళ్లిపోతాయి.

తడిసిన ఇలాంటి మడి బరువు చదరపు మీటరుకు అర టన్ను దాటుతుంది. డాబా మీద పెట్టేవాళ్లు ముందు ఇంజనీరుకు చూపించండి.