మధ్యపదం విడగొట్టి కారణాంకాలు రాయడం ఎలా? మైనస్ దగ్గర జాగ్రత్త!

తెల్ల కాగితం, పెన్ను, 20 దాకా ఎక్కాలు. ఇంతే కావాల్సింది. తెలియని రాశిని ఇక్కడ య అని రాస్తున్నా, మీ నోట్సులో ఎక్స్ అనుకోండి. ఎనిమిదో తరగతిలో కారణాంక విభజనగా మొదలై, పదిలో వర్గ సమీకరణాల్లో మళ్లీ వచ్చే లెక్కే ఇది. అయినా పేపర్లు దిద్దుతుంటే ఏటా అదే తప్పు, అదే లైన్లో.

ముందు మూడు పదాల్లో కామన్ ఉంటే బయటికి తీసేయండి. 12య² − 14య − 40లో 2 తీస్తే లోపల 6య² − 7య − 20 మిగులుతుంది. ఆ 2 చివరి జవాబులో కూడా ఉండాలి.

తర్వాత మొదటి గుణకాన్ని, స్థిరపదాన్ని గుర్తులతో సహా గుణించండి: 6 × (−20) = −120. ఇప్పుడు రెండు సంఖ్యలు కావాలి: గుణిస్తే −120, కలిపితే −7 రావాలి. మనసులో వెతకొద్దు, జతలన్నీ వరసగా రాయండి: 1, 120; 2, 60; 3, 40; 4, 30; 5, 24; 6, 20; 8, 15; 10, 12. లబ్ధం మైనస్ కాబట్టి ఒకటి ప్లస్, ఒకటి మైనస్, అంటే తేడా 7 ఉన్న జత కావాలి. అది 8, 15. మధ్యపదం మైనస్ కనుక పెద్దదానికి మైనస్.

ఇప్పుడు −7యని −15య, +8యగా విడగొట్టి, మైనస్ పదాన్నే ముందు రాయండి: 6య² − 15య + 8య − 20. మొదటి జతలో 3య, రెండో జతలో 4 కామన్ తీస్తే 3య(2య − 5) + 4(2య − 5), అంటే (2య − 5)(3య + 4). ముందు తీసిన 2తో కలిపి చివరి జవాబు 2(2య − 5)(3య + 4). 8యని ముందు రాసినా జవాబు ఇదే, కానీ అప్పుడు రెండో జత మైనస్‌తో మొదలవుతుంది. చేతిలో ఉన్న సులువు వదులుకుని లేని టెన్షన్ ఎందుకు?

అసలు చిక్కు ఆ రెండు సంఖ్యలూ మైనస్ అయినప్పుడు వస్తుంది. 6య² − 23య + 20 తీసుకోండి. లబ్ధం +120, మొత్తం −23, కాబట్టి −8, −15. విడగొడితే 6య² − 8య − 15య + 20. మొదటి జత 2య(3య − 4), ఇక్కడిదాకా అందరూ బాగానే వస్తారు. రెండో జతలో −5 కామన్ తీసి, +20 చూసి లోపల ప్లస్సే ఉంచేసి −5(3య + 4) అని రాసేస్తారు. బయటికి తీసింది 5 కాదు, −5. లోపలి ప్రతి పదాన్నీ −5తోనే భాగించాలి: −15యని భాగిస్తే 3య, +20ని భాగిస్తే −4. అంటే −5(3య − 4), జవాబు (3య − 4)(2య − 5). రాయగానే మళ్లీ లోపలికి గుణించి చూడండి, −15య + 20 తిరిగి రావాలి.

ఇంకో మాట. కామన్ తీయకముందే జతల చుట్టూ బ్రాకెట్లు గీయకండి. −(15య + 20) అని రాసిన క్షణమే +20 కాస్తా −20 అయిపోయింది. జత గుర్తుకోసం కింద గీత గీయండి, చాలు.

రెండు బ్రాకెట్లూ కలవకపోతే దయచేసి గుర్తు మార్చి కలిపేయకండి. పైలైన్లో తప్పుందని ఆ బ్రాకెట్లే చెబుతున్నాయి, అక్కడికి వెళ్లి దిద్దండి.

కొందరు శ్రీధరాచార్య సూత్రంతో (వర్గ సమీకరణ సూత్రం) మూలాలు, అంటే లెక్కని సున్నా చేసే య విలువలు, కనుక్కుని వెనక్కి వస్తారు. మొదటి లెక్కలోని 6య² − 7య − 20కి 5/2, −4/3 వస్తాయి, దాంతో (య − 5/2)(య + 4/3) అని రాసి ముందుండాల్సిన 6ని వదిలేస్తారు. ఊహించి బ్రాకెట్లు నింపేవాళ్లకేమో గుణకం 6 అయ్యేసరికి 1, 6 పెట్టాలా, 2, 3 పెట్టాలా అన్న దగ్గరే సగం టైం పోతుంది. విడగొట్టే పద్ధతిలో ప్రతి లైనూ పైలైన్‌తో సరిచూసుకోవచ్చు.

చివర్లో య స్థానంలో 10 పెట్టి చూడండి. రెండో లెక్కకైతే 600 − 230 + 20 = 390, అటు 26 × 15 = 390. 1 మాత్రం పెట్టొద్దు, య², య రెండూ 1 అయిపోయి ఘాతంలో తప్పున్నా బయటపడదు.

జతలన్నీ రాసినా కుదరకపోతే విచక్షణి (మధ్య గుణకం వర్గంలోంచి 4 × మొదటి గుణకం × స్థిరపదం తీసేస్తే వచ్చేది) చూడండి. య² + 3య + 1కి అది 9 − 4 = 5. అది పూర్ణవర్గం కాదు, అంటే పూర్ణాంకాలతో ఈ లెక్క విడిపోదు. ఇక్కడ మాత్రం సూత్రమే వాడాలి.