అపార్ట్‌మెంట్ మొత్తానికి నెట్, కేబుల్: కంపెనీతో బేరానికి కూర్చునే ముందు

మీ బ్లాకుల్లో వైర్లు పైకి వెళ్ళే షాఫ్ట్ ఉంటుంది కదా, దాని తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముందు కనుక్కోండి. అసోసియేషన్ తరఫున నెట్ కంపెనీతో ఎలా మాట్లాడాలని ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. మాది మియాపూర్ వైపు 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, రెండేళ్ళు సెక్రటరీగా చేశాను. మొదటిసారి కంపెనీ మనిషి వచ్చినప్పుడు అందరిలాగే నేనూ "ఇన్ని ఇళ్ళున్నాయి, ఎంత తగ్గిస్తారు" అని అడిగాను. కనెక్షన్‌కి యాభై రూపాయలు తగ్గిస్తామన్నారు, కాకపోతే అయిదేళ్ళ పాటు ఇంకే కంపెనీనీ లోపలికి రానివ్వకూడదని రాసిన కాగితం ముందు పెట్టారు. కమిటీలో సగం మంది సంతకం పెట్టేద్దామన్నారు కూడా. ఆ కాగితం చదివాకే నాకు విషయం అర్థమైంది. వాళ్ళకు కావలసింది మన బిల్లు ఒక్కటే కాదు, పోటీ లేని షాఫ్ట్. రోడ్డు మీది ఫైబర్ మన గుమ్మం దాకా వచ్చే దారి అసోసియేషన్ చేతిలో ఉంది, బేరమాడాల్సింది దాన్ని పట్టుకుని.

అందుకే "మీ ఒక్కరికే" అనే మాట ఒప్పందంలో ఏ రూపంలో ఉన్నా ఒప్పుకోకండి. ఎంత తగ్గించినా సరే. మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రెండో ఏడాది నుంచి రేటు పెరుగుతుంది, కంప్లైంట్ ఇస్తే మూడు రోజులకు గానీ మనిషి రాడు, ఎందుకంటే మనం ఎక్కడికీ పోలేమని వాళ్ళకు తెలుసు. భవనాల్లోకి ఒకే కంపెనీని రానిచ్చే ఒప్పందాలు ఉండకూడదని టెలికాం, కేబుల్ రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలోనే కేంద్రానికి సిఫార్సు చేసింది. కంపెనీ మేనేజర్ "ఇది మా స్టాండర్డ్ అగ్రిమెంట్ అండీ" అంటే ఆ సిఫార్సు ప్రింట్ తీసి ముందు పెట్టండి. రెండు కంపెనీలైనా లోపల ఉండాలి, మూడుంటే ఇంకా మంచిది.

కొత్త అపార్ట్‌మెంట్ అయితే ఇంకో చిక్కు ఉంటుంది. మీరు దిగకముందే బిల్డర్ ఎవరితోనో ఒప్పందం చేసేసి ఉండొచ్చు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 17వ సెక్షన్ ప్రకారం కామన్ ఏరియాల పత్రాలు, ప్లాన్లు బిల్డర్ అసోసియేషన్‌కి అప్పగించాలి. ఆ కాగితాలు తీసుకునే రోజునే నెట్, కేబుల్, సెల్ టవర్ ఒప్పందాల కాపీలు కూడా రాతపూర్వకంగా అడగండి. "అలాంటివేం లేవు" అంటే ఆ ముక్కే లెటర్ మీద రాయించుకోండి. రేపు ఏ కంపెనీ అయినా వచ్చి మాకు హక్కుంది అంటే చూపించడానికి పనికొస్తుంది.

బేరానికి ముందు సర్వే చేయాలి. వాట్సాప్ గ్రూపులో "ఎవరికి కావాలి" అని అడిగితే ఇరవై మంది బొటనవేలు పెడతారు, అది లెక్క కాదు. చిన్న గూగుల్ ఫారం పెట్టండి. ఇప్పుడు ఏ కంపెనీ, ఎంత స్పీడు, జీఎస్టీతో కలిపి నెలకు ఎంత, ప్లాన్ ఎప్పటిదాకా కట్టేశారు, టీవీలు ఎన్ని, కేబుల్ చూస్తున్నారా లేక ఓటీటీలేనా, ఉండేది ఓనరా అద్దెకున్నవాళ్ళా. ప్లాన్ ఎప్పటిదాకా అనే ప్రశ్న చాలామంది వదిలేస్తారు, కానీ సగం ఇళ్ళు ఏడాదికి ముందే కట్టేసి ఉంటే వాళ్ళు అప్పటిదాకా కదలరు, "మొదటి నెలలోనే 80 కనెక్షన్లు ఇస్తాం" అని మీరిచ్చిన మాట తప్పుతుంది. ఇవ్వగలిగినంతే చెప్పండి. మొదటి మూడు నెలల్లో ఎన్ని, ఏడాదిలో ఎన్ని అని విడగొట్టి చెబితే కంపెనీవాళ్ళు కూడా నమ్ముతారు.

ఇప్పుడు అన్నిటికంటే గొడవలయ్యే విషయం. అందరికీ కలిపి మెయింటెనెన్స్‌లో వేసేయాలా, ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకోవాలా? అందరికీ వేస్తే కంపెనీ బాగా తగ్గిస్తుంది, అది నిజమే. కానీ లెక్క వేసి చూడండి. 600 ప్లాన్ అంటే 18 శాతం జీఎస్టీతో 708. 120 ఫ్లాట్లకు నెలకు 84,960. అందులో 20 ఫ్లాట్లు ఖాళీగా ఉంటే, వాడేవాళ్ళే లేని నెట్‌కి నెలకు 14,160 పోతున్నట్టే. ఆ ఓనర్ డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటాడు, నేనెందుకు కట్టాలంటాడు, అతను అడిగేది న్యాయమే. పైగా నెలకు ఒక్కో సభ్యుడి మెయింటెనెన్స్ 7,500 దాటి, అసోసియేషన్ ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితే మెయింటెనెన్స్ మీద జీఎస్టీ పడుతుంది. 7,000 దగ్గరున్నవాళ్ళు నెట్ బిల్లు కలిపితే గీత దాటేస్తారు, ఆడిటర్‌ని అడక్కుండా ఆ పని చేయకండి. నా మటుకు నేను చెప్పేది, రేటు అసోసియేషన్ మాట్లాడాలి, బిల్లు ఎవరిది వాళ్ళకే రావాలి. తగ్గింపు కాస్త తక్కువే వస్తుంది, అయినా ఇరుగుపొరుగు మధ్య మనస్పర్థలు రావు, డబ్బు వసూలు చేసే టెన్షన్ సెక్రటరీ నెత్తిన పడదు.

కంపెనీవాళ్ళు ఎప్పుడూ స్పీడు గురించే చెబుతారు. మీరు ఆ స్పీడు ఎలా వస్తుందో అడగండి. ఇంటిదాకా ఫైబర్ వస్తుందా, లేక మెట్ల దగ్గర స్విచ్ పెట్టి అక్కణ్ణుంచి రాగి లాన్ కేబుల్ లాగుతారా? రెండోది అయితే ఆ స్విచ్‌కి కరెంటు కావాలి, కరెంటు పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ పోతుంది. ఆ స్విచ్ జనరేటర్ లైను మీద ఉందా, దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? మా దగ్గర కొన్నేళ్ళుగా కామన్ మీటర్ మీదే నడుస్తోందని కరెంటు పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా ఎవరికీ తెలియదు. రాగి తీగతో ఇంకో తంటా, వానాకాలంలో దగ్గర్లో పిడుగు పడితే రౌటర్ పోర్టులు కాలిపోతాయి. ఫైబర్‌లో కరెంటు ప్రవహించదు కాబట్టి ఆ దారిన ఈ బాధ ఉండదు.

ఫైబరే అయితే స్ప్లిటర్ సంగతి అడగండి, అంటే ఒక ఫైబర్‌ని చాలా ఇళ్ళకు పంచే పరికరం. ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి వచ్చేది మొత్తం 2.5 జీబీపీఎస్, అంటే 2,500 ఎంబీపీఎస్. దాన్ని 32 ఇళ్ళకు పంచితే, అందరూ ఒకేసారి పూర్తిగా వాడినప్పుడు ఒక్కొక్కరికీ వచ్చేది 78 ఎంబీపీఎస్. 64 ఇళ్ళకు పంచితే 39. అందరూ ఒకేసారి అంతలా వాడరు కాబట్టి మామూలు రోజుల్లో తేడా తెలియదు, ఐపీఎల్ ఫైనల్ రాత్రి తెలుస్తుంది. 32కి మించి పంచకూడదని రాయించుకోండి. అప్‌లోడ్ ఎంత, ఎన్ని జీబీ దాటాక స్పీడు తగ్గుతుంది, తగ్గి ఎంతకు వస్తుంది, ఇవి కూడా కాగితం మీదే ఉండాలి. ఇంట్లోంచి పనిచేసేవాళ్ళకు డౌన్‌లోడ్ కంటే అప్‌లోడే ముఖ్యం.

ఇంకో ప్రశ్న, మన గేటు దాకా ఆ ఫైబర్ భూమిలోంచి వస్తోందా, కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తోందా? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్ అంతటా స్తంభాల మీది కేబుళ్ళు తీసేయడం మొదలుపెట్టారు, చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది. ప్రాణాలు పోయాక తీయక తప్పని పని అది. కంపెనీని ఎంచుకునేటప్పుడు మాత్రం ఇది చూడాలి. రెండు కంపెనీలనూ తీసుకుని రెండిటి వైర్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే రెండుండి లాభం లేదు, ఒకటైనా వేరే దారిలో రావాలి.

కేబుల్ విషయానికి వస్తే, దయచేసి కుర్రాళ్ళంతా కలిసి "ఇప్పుడు కేబుల్ ఎవరు చూస్తున్నారు" అని తీర్మానం చేసేయకండి. మా అపార్ట్‌మెంట్‌లో డెబ్భై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు చాలామందే ఉన్నారు, పొద్దున ఎస్వీబీసీలో సుప్రభాతం, సాయంత్రం సీరియల్, రిమోట్‌లో నంబరు నొక్కితే రావాలి, యాప్ తెరిచి లాగిన్ అవడం వాళ్ళవల్ల కాదు. నెట్‌తో పాటు టీవీ యాప్ ఉచితం అన్నారని సెట్‌టాప్ బాక్సులు తీసేస్తే ఇబ్బంది పడేది వాళ్ళే.

ఇందులో బేరమాడేది ఛానల్ ధర మీద కాదు. ఛానళ్ళ రేట్లు ప్రసార సంస్థలు ప్రకటిస్తాయి, మన ఆపరేటర్ చేతిలో పెద్దగా ఉండదు. అతని చేతిలో ఉన్నది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే ఛానళ్ళ ధర కాకుండా కనెక్షన్‌కి నెలనెలా తీసుకునే ఫీజు. ఇది ఇంతకుముందు 200 ఛానళ్ళ దాకా 130, అంతకంటే ఎక్కువైతే 160 రూపాయల పరిమితిలో ఉండేది. 2024 జూలైలో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది, ప్రాంతాన్ని బట్టి, వినియోగదారుల రకాన్ని బట్టి వేర్వేరు ఫీజు పెట్టుకోవచ్చంది, కాకపోతే దాన్ని బయటికి ప్రకటించాలి. అంటే పెంచడానికీ దారుంది, అరవై ఇళ్ళు కలిసి అడిగితే తగ్గించడానికీ దారుంది. రెండో టీవీకి ఆ ఫీజు ఎంత, బాక్సు అద్దెకా కొనాలా, అది కూడా తేల్చుకోండి. ఏళ్ళ తరబడి వస్తున్న కేబుల్ అబ్బాయి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసినా వచ్చి వైరు సరిచేసి పోతాడు. కాల్ సెంటర్ నుంచి ఆ సేవ దొరకదు, పది రూపాయల తేడా కోసం అతన్ని పోగొట్టుకోవద్దని నా అభిప్రాయం.

కూర్చునే రోజుకు మూడు కంపెనీల కొటేషన్లు ఒకే నమూనాలో ఉండాలి, లేకపోతే ఒకరు జీఎస్టీ లేకుండా చెబుతారు, ఇంకొకరు రౌటర్ డిపాజిట్ దాచిపెడతారు. సేల్స్ కుర్రాడితో కాదు, ఏరియా మేనేజర్‌తో మాట్లాడండి, అబ్బాయి చేతిలో రేటు ఉండదు. రేటు తగ్గించడానికి వాళ్ళు ఇక ససేమిరా అన్నచోట వేరేవి అడగండి. రెండేళ్ళు రేటు పెంచకూడదు, ఇన్‌స్టాలేషన్ ఉచితం, గేటు దగ్గరా సీసీ కెమెరాలకూ ఆఫీసుకూ ఉచిత కనెక్షన్, ఇరవైనాలుగు గంటలు దాటి నెట్ లేకపోతే ఆ రోజుల డబ్బు బిల్లులో తగ్గాలి. వాళ్ళకు ఇవి ఇవ్వడం తేలిక. కమిటీ సభ్యుల ఇళ్ళకు ఉచితంగా ఇస్తామంటారు, అది మాత్రం అక్కడికక్కడే వద్దనండి. కనెక్షన్‌కి ఇంత అని కమీషన్ ఇస్తామంటే అది అందరి రేటులో తగ్గించమనండి. కుదరదంటే అసోసియేషన్ ఖాతాకు చెక్కు రావాలి, మినిట్స్ పుస్తకంలో రాయాలి. ఒక్కసారి అనుమానం పుడితే ఆ తర్వాత ఎంత మంచి ఒప్పందం తెచ్చినా ఎవరూ నమ్మరు.

ఒప్పందం జనరల్ బాడీ తీర్మానం అయ్యాకే సంతకం చేయండి. అందులో నేను పట్టుబట్టి రాయించినవి మూడు. మొదటిది, ఏడాది తర్వాత 60 రోజుల నోటీసుతో బయటికి రావచ్చు, దానంతట అది రెన్యూ అవదు. రెండోది, షాఫ్ట్ నుంచి గుమ్మం దాకా ఉన్న వైరు అసోసియేషన్‌ది, కంపెనీ వెళ్ళిపోయినా పీక్కుపోకూడదు. మూడోది చాలామందికి తట్టదు. వైరు కోసం అంతస్తుల మధ్య కొట్టిన కన్నాలు మంట వ్యాపించని పదార్థంతో మూసివెళ్ళాలి, వాడని పాత వైర్లు తీసేయాలి. కింద షాఫ్ట్‌లో నిప్పంటుకుంటే పొగ పైకి ఎగబాకేది ఆ కన్నాల్లోంచే.

మార్చేటప్పుడు ఒక్క బ్లాకుతో మొదలుపెట్టండి. రాత్రి తొమ్మిదికి, వైఫై మీద కాకుండా లాప్‌టాప్‌కి వైరు పెట్టి, వారం పాటు స్పీడు రాసుకోండి. బాగుంటేనే రెండో బ్లాకు. కొత్తది సరిగ్గా పనిచేసేదాకా పాతది తీసేయవద్దని అందరికీ చెప్పండి. పాత రౌటర్ తిరిగిచ్చేటప్పుడు దాని మీది సీరియల్ నంబరు ఫోటో తీసుకుని, వచ్చినవాళ్ళ దగ్గర రసీదు తీసుకోమనండి. మా దగ్గర ముగ్గురికి డిపాజిట్ ఆగిపోయింది, ఆ ముగ్గురి దగ్గరా రసీదు లేదు.