మంచులో చిన్న ట్రాక్టర్, 4వ పాఠం: స్టీరింగ్ తిప్పినా బండి నేరుగా పోతుంటే

మూడో పాఠం ప్రకారం వెనక త్రీ పాయింట్‌కి (పనిముట్లు తగిలించే మూడు చేతుల అమరిక) బరువు తగిలించారు, వెనక చక్రాలకు చైన్లు వేశారు. బండి మంచును తోసుకుంటూ బాగానే పోతోంది. కానీ డ్రైవ్‌వే మలుపులో స్టీరింగ్ చివరిదాకా తిప్పినా నేరుగా వెళ్లి మెయిల్ బాక్సు స్తంభానికి ముక్కు ఆనిస్తోంది. ఈ పాఠం ముందు చక్రాల చైన్ల గురించి కావలసింది. దాన్ని కిందికి జరిపాను. ముందు ఈ గొడవ తేలాలి, ఇందులో నా తప్పూ ఉంది. ఆ బరువు లెక్క లోడర్ (ముందు ఎత్తే చేతులూ వాటి బకెట్టూ) బిగించి ఉన్న బండికి. ఆ షరతు నేను ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. లోడర్ విప్పేసి ముందు తేలికపాటి బ్లేడు పెట్టుకున్నవాళ్లు కూడా అదే బరువు కట్టేశారు.

ఊళ్లో చెరకు ట్రాలీ గట్టెక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వెనక యాక్సిల్ దాటి వేలాడే ప్రతి పౌనూ ముందు భాగాన్ని లేపుతుంది. 55 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం), 1,400 పౌన్ల సొంత బరువు ఉన్న సబ్ కాంపాక్ట్, అంటే బాగా చిన్న రకం ట్రాక్టర్ తీసుకోండి. లోడర్ లేకుండా ముందు యాక్సిల్ మీద 600 పౌన్లు ఉందనుకుందాం. వెనక కట్టిన ఆ బరువు, అంటే సగం డ్రమ్ము కాంక్రీటు, దాని ఇనుప చట్రం కలిపి 650 పౌన్లు, వెనక యాక్సిల్ నుంచి 30 అంగుళాల దూరంలో వేలాడుతున్నాయి. 650ని 30తో గుణించి 55తో భాగిస్తే 355. అంటే ముందు మిగిలింది 245. ట్రాక్టర్ సొంత బరువులో 20 శాతం కంటే ముందు యాక్సిల్ మీద తగ్గకూడదన్నది యూరప్‌లో పాటించే నియమం. ఇక్కడ 280 ఉండాలి, మనకు 245 ఉంది. పైగా అది చదును నేల మీద, కదలకుండా నిలబడ్డ బండి లెక్క. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా తగ్గుతుంది.

లోడర్ లేనివాళ్లు ఆ డ్రమ్ము దించేయండి. బరువు కావాలంటే 400 పౌన్లు చాలు, 24 అంగుళాలకు దగ్గరగా తెచ్చి కట్టండి. అప్పుడు ముందు పోయేది 175 మాత్రమే. అంతకంటే నాకు నచ్చేది వెనక టైర్లలో ద్రవం నింపడం. ఆ బరువు సరిగ్గా యాక్సిల్ మీదే ఉంటుంది, ముందు నుంచి ఏమీ లాక్కోదు. బీట్ దుంప రసంతో చేసే ద్రవం గ్యాలన్ సుమారు 11 పౌన్లు తూగుతుంది, రిమ్‌ను తినదు. ఉత్త నీళ్లు మాత్రం పోయకండి, మిషిగన్ జనవరిలో టైరులో ఐసు గుండు తయారవుతుంది. ముందు టైర్లలో ఏ ద్రవమూ వద్దు. అక్కడ బరువు కావాలంటే బంపర్ బ్రాకెట్‌కి సూట్‌కేస్ వెయిట్లు (చేతిపిడి ఉండే ఇనుప దిమ్మలు) తగిలించండి. ముందు యాక్సిల్‌కి 18 అంగుళాల ముందు 100 పౌన్లు కడితే ఆ యాక్సిల్ మీద 133 పడుతుంది, వెనక 33 తేలికవుతుంది.

లోడర్ ఉన్నవాళ్లకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ముందు బరువు కావలసినంత ఉంది. అయినా మీ బండి కూడా తిరగడం లేదంటే కారణం చాలావరకు ఒక్కటే. నాకు చిరాకు తెప్పించేదీ అదే. మీరు బకెట్‌ను కిందికి నొక్కి పెడుతున్నారు.

బకెట్ నేలకు ఆనాక కూడా లివర్ ముందుకు నెడితే హైడ్రాలిక్ సిలిండర్లు నేలను తొక్కుతాయి. నేల కదలదు కాబట్టి ట్రాక్టర్ ముక్కు లేస్తుంది. ముందు చక్రాల మీద ఉండాల్సిన బరువంతా కటింగ్ ఎడ్జ్ (బకెట్ మూతికి ఉండే ఇనుప పట్టీ) మీదికి పోతుంది. ఇక మీ స్టీరింగ్ ఇనుప పట్టీ చేతిలో ఉన్నట్టే, అది నేరుగా తప్ప పోదు. కళ్లతో చూడాలంటే ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, ఒకరు సీట్లో ఉండి లివర్ నెమ్మదిగా నొక్కండి. ఇంకొకరు పక్కన ఐదారు అడుగుల దూరంలో నిలబడి ముందు టైరు అడుగు చూడాలి. నేలకు ఆనిన చోట టైరు పొట్టలా పక్కకు ఉబ్బి ఉంటుంది. లివర్ నొక్కుతుంటే ఆ పొట్ట లోపలికి పోయి టైరు గుండ్రంగా అవుతుంది. చక్రం ఇంకా నేల మీదే ఉంది, కానీ బరువు లేదు. సీట్లో ఉన్నవాళ్లకు ఇది తెలియనే తెలియదు.

దీనికి మందు ఫ్లోట్, అంటే బకెట్‌ను నొక్కకుండా స్వేచ్ఛగా వదిలేసే లివర్ స్థానం. లివర్‌ను ముందుకు నెడుతూ పోతే ఒక చోట గట్టిగా అడ్డు తగులుతుంది. దాన్ని దాటించి నెడితే 'టక్' మని కూర్చుని అక్కడే ఉంటుంది. చెయ్యి తీయగానే మధ్యకు తిరిగొస్తే అది ఫ్లోట్ కాదు, మీరు ఉత్తగా నొక్కుతున్నారు. ఫ్లోట్‌లో సిలిండర్ రెండు వైపులా నూనె ట్యాంకుకి వదిలేసి ఉంటుంది. బకెట్ తన బరువుతో తాను నేల ఎత్తుపల్లాల మీద పాకుతుంది, ట్రాక్టర్ బరువు ట్రాక్టర్ చక్రాల మీదే ఉంటుంది. బకెట్ అడుగు నేలకు సమాంతరంగా ఉంచండి. మూతి కిందికి వాలితే ఫ్లోట్‌లో కూడా గ్రావెల్‌లోకి దూరుతుంది. గట్టిపడ్డ మంచు ఫ్లోట్‌లో రావడం లేదని మళ్లీ నొక్కడం మొదలుపెడతారు. అక్కడ బరువు పనిచేయదు, పదునే పనిచేస్తుంది. కటింగ్ ఎడ్జ్ అరిగిందేమో చూడండి. బకెట్‌ను బోర్లించి వెనక్కి ఈడ్చేటప్పుడు ఈ నియమం ఇంకా కచ్చితం. నొక్కి ఈడిస్తే స్టీరింగూ పోతుంది, సిలిండర్ రాడ్డూ వంగొచ్చు.

ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందించడం) గురించి ఎక్కువ చెప్పను. మంచు ఉన్నంతసేపూ వేసే ఉంచండి, వాలు దిగబోయే ముందు మరీ ముఖ్యం. ఈ సైజు బండ్లలో బ్రేకులు మామూలుగా వెనక చక్రాలకే ఉంటాయి. ఫోర్ వీల్ వేస్తేనే ఆ పట్టు ముందుకీ అందుతుంది. డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిప్పించే పెడల్) తొక్కి మలుపు తిప్పకండి.

ఇప్పుడు ముందు చైన్లు. వెనక చైన్లు లేకుండా ముందు మాత్రమే వేయకండి, వాలులో బ్రేకు పడగానే వెనక భాగం పక్కకు తిరిగి ముందుకొచ్చేస్తుంది. రెండు లింకులకో అడ్డ గొలుసు ఉండే టూ లింక్ రకం తీసుకోండి. నాలుగు లింకుల రకం చౌకే, కానీ ఆర్1 టైరు (పొలం పనికి వాడే లోతైన గాడుల రకం) గాడుల్లోకి జారి దాక్కుంటుంది. ముందు టైరు 18 అంగుళాలు, వెనకది 26 అనుకుంటే, మూడెనిమిదో వంతు అంగుళం మందం ఉన్న గొలుసు ముందు చక్రం వ్యాసార్ధాన్ని సుమారు 4 శాతం, వెనక చక్రాన్ని 3 శాతం పెంచుతుంది. ఆ రెండింటి తేడా మేరకు ముందు చక్రాలు వేగంగా లాగడం మొదలుపెడతాయి. మంచు మీద ఆ తేడా జారుడులో కలిసిపోతుంది, మంచు లేని కాంక్రీటు మీద గేర్ల మీద పడుతుంది. గరాజ్ ముందు నేల తేలగానే ఫోర్ వీల్ తీసేయండి.

వేశాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఒక ముందు చక్రాన్ని 6 అంగుళాల దిమ్మ ఎక్కించి, గొలుసుకీ లోడర్ చట్రానికీ, టై రాడ్‌కీ (ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ కడ్డీ) మధ్య జాగా చూడండి. అంగుళం కంటే తక్కువ ఉంటే విప్పేయండి. కొక్కేల మొనలు బయటివైపుకు ఉండాలి. వంద అడుగులు నడిపి మళ్లీ బిగించండి.

గాలి కూడా చూడండి. సెప్టెంబరులో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 22 పీఎస్‌ఐ పెట్టిన టైరు 0 డిగ్రీలకు 17కి దిగుతుంది. చైన్ వదులవడానికి ఇదీ ఒక కారణం.

అభ్యాసం: రెండు అంగుళాల మంచు ఉన్న చదును జాగాలో ఒక నీళ్ల బకెట్టు బోర్లించి గుర్తు పెట్టండి. నడక వేగంతో వచ్చి గుర్తు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు చక్రం జాడ ఎంత దూరంలో వంపు తిరిగిందో టేపుతో కొలవండి. లోడర్ ఎత్తి ఉంచి మూడుసార్లు, ఫ్లోట్‌లో మూడుసార్లు, నొక్కి పెట్టి మూడుసార్లు. వెనక బరువు తీసేసి మళ్లీ ఆ తొమ్మిదీ. ప్రతిసారీ తొక్కని మంచు మీదే, అందుకని జాగా పెద్దది చూసుకోండి. పద్దెనిమిది అంకెలూ కాగితం మీద ఉంచుకోండి, ఐదో పాఠంలో బ్లేడు కోణం వాటితోనే సరిచేస్తాం.