పెద్ద సంఖ్యను విప్పి చూద్దాం – 4వ పాఠం: చిత్తూరు పిన్ కోడ్ 517001

పోయిన పాఠంలో నాలుగంకెల సంఖ్యలు చేశాం. ఈసారి చిత్తూరు పిన్ కోడ్ 517001ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొడదాం. కాగితం, పెన్సిలు చాలు.

చూపుకి ఇది ప్రధాన సంఖ్యలాగే ఉంటుంది. చివర 1 ఉంది, కాబట్టి 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 14, కాబట్టి 3తో పోదు. చాలామంది ఇక్కడే ఆగి ‘ప్రధానం’ అని రాసేస్తారు. తొందరపడకండి.

కుడి నుంచి మూడేసి అంకెలు విడదీయండి: 517, 001. ఒకదానిలోంచి ఒకటి తీసేస్తే 516. 1001 = 7 × 11 × 13 కాబట్టి ఈ మూడింటినీ 516 మీదే పరీక్షించొచ్చు. శేషాలు 5, 10, 9. ఏదీ పోలేదు. 17, 19, 23, 29, 31లతో 517001నే మామూలుగా భాగించాల్సిందే. శేషాలు 14, 11, 7, 18, 14 రావాలి. వేరేవి వస్తే భాగహారం మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు ఆ రెండు ముక్కల్నీ కూడండి: 518. 999 = 27 × 37 కాబట్టి 37కి ఈ మొత్తం చూస్తే చాలు. 518 = 14 × 37. దొరికింది! 517001 = 37 × 13973.

ప్రధానం కాని సంఖ్యకు దాని వర్గమూలం దాటని ప్రధాన భాజకం ఒకటి తప్పక ఉంటుంది, కాబట్టి వర్గమూలం దాకా వెతికితే చాలు. మొదట్లో ఆ హద్దు 719 (719 వర్గం 516961). ఇప్పుడు 13973కి వర్గమూలం 118 దాటి కొంచెమే, కాబట్టి హద్దు 118కి దిగింది. దీన్ని మరిచి 719 దాకా భాగిస్తూ పోతే సాయంత్రమంతా వృథా. 37కంటే చిన్నవాటిని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు, కానీ 37ని మాత్రం ఇంకోసారి చూడాలి. అక్కడి నుంచి పదమూడో ప్రయత్నంలో 89 తగులుతుంది: 89 × 150 = 13350, మిగిలిన 623 సరిగ్గా 89 × 7.

517001 = 37 × 89 × 157.

మూడు వేర్వేరు ప్రధానాలు, ఎనిమిది భాజకాలు. తనను వదిలేసి మిగిలిన భాజకాలు కూడితే 23359, సంఖ్యలో ఇరవయ్యో వంతు కూడా లేదు. పరిపూర్ణ సంఖ్యకు (ఆ మొత్తం సరిగ్గా తనకే సమానమయ్యే సంఖ్యకు) చాలా దూరం.

అసలు అందం వేరే ఉంది. మూడు ప్రధానాలనూ 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రతి ప్రధానమూ రెండు వర్గాల మొత్తం: 1² + 6², 5² + 8², 6² + 11². వీటిని కలిపే సూత్రం బ్రహ్మగుప్తుడు 628లోనే ఇచ్చాడు. (1, 6), (5, 8) తీసుకుని నిలువుగా గుణించి కూడండి: 5 + 48 = 53. అడ్డంగా గుణించి తీసేయండి: 30 − 8 = 22. 53² + 22² = 3293, అంటే 37 × 89. రెండు చోట్లా కూడితే 53, 38 వస్తాయి, లెక్క 4253కి పోతుంది. ఒకచోట కూడితే రెండోచోట తీసేయాలి. (53, 22)ని (11, 6)తో ఇలాగే కలపండి:

715² + 76² = 517001.

ఇలాంటి జతలు మొత్తం నాలుగు. మిగతా మూడూ మీరే రాబట్టండి. తర్వాత తిరుపతి 517501 పట్టండి: తేడా 16, మొత్తం 1018. 7, 11, 13, 37 దేనితోనూ పోదు. మిగతా ప్రధానాలు వచ్చే పాఠంలో.