పాత బిల్లుతో తూటాల అసలు ధర లెక్కగట్టడం

పలమనేరులోనో కుప్పంలోనో పంట కాపలా లైసెన్సు మీద పన్నెండు బోర్ (గొట్టం వెడల్పు కొలత) తుపాకీ ఉందనుకోండి. తూటా నిజంగా ఎంత ప్రియమైందో పాత బిల్లే చెప్పగలదు.

ముందు లైసెన్సు పుస్తకం తీయండి. ఎప్పుడు, ఎన్ని తూటాలు కొన్నారో డీలరు అందులో రాసి ఉంటాడు. ధర బిల్లులో చూసుకోవాలి. పెట్టె ధర వద్దు, ఒక్క తూటా ధర తీసుకోండి. బోరు, పొడవు, పెల్లెట్ల సైజు మూడూ కలవకపోతే పోలిక చెడుతుంది.

రెండు బిల్లుల్లోనూ పన్ను తీసేయండి. చాలామంది తప్పేది ఇక్కడే. ఉదాహరణకు, రివాల్వర్లు, పిస్టళ్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. పన్నుకు ముందు ధర పైసా కదలకున్నా బిల్లు 9.4 శాతం పెరుగుతుంది. దాన్ని ద్రవ్యోల్బణం ఖాతాలో వేయకూడదు.

ఇక సూచీ. 2012ను 100గా పెట్టుకున్న వినియోగదారుల ధరల సూచీ సగటు 2015-16లో సుమారు 125, 2024-25లో సుమారు 193. భాగిస్తే 1.54. అప్పట్లో తూటా 100 రూపాయలనుకుంటే, 154కి దొరికినా ధర పెరగనట్టే. 170 అడిగితే దాన్ని 154తో భాగించండి. అసలు పెరుగుదల 10 శాతమే, 70 కాదు.

ఆదాయపు పన్ను వాళ్ల వ్యయ సూచీ (అదే ఏళ్లకు 254, 363) తేలిగ్గా దొరుకుతుందని దాన్ని వాడకండి. ధరల పెరుగుదలలో 75 శాతాన్నే అది లెక్కలోకి తీసుకుంటుంది. దాంతో చేస్తే 10 శాతం కాస్తా 19 అవుతుంది.

సూచీ దేశం మొత్తానిది, మీ జేబుది కాదు. రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి అదే కాలంలో 180 నుంచి 300 అయింది, అంటే 1.67 రెట్లు. కూలి మీద బతికే ఇంటికి 170 రూపాయల తూటా దాదాపు పాత ధరే. తోతాపురి మామిడి రైతు సంగతి వేరు. 2025లో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలన్నారు. ఆ లెక్కన ఒక్క తూటాకు 14 కిలోల కాయ పోతుంది, 8 మాత్రమే చేతికొస్తే 21 కిలోలు. ఇంటి బడ్జెట్ వేసేటప్పుడు ఈ లెక్కనే నమ్మండి.

లైసెన్సు ఫీజును ఏడాదికి ఎంతో విడగొట్టి పోల్చండి. ఆయుధాల చట్టానికి 2019 సవరణతో గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది.

పాత విదేశీ తుపాకుల ధరలకు ఈ సూత్రం పట్టదు. దిగుమతులు ఆగి ఏర్పడిన కొరతే అక్కడ ధర నిర్ణయిస్తుంది.